స్కూల్లో ఎయిడ్స్ పాఠం చెప్పే ముందు టీచర్‌కి ఏం తెలిసుండాలి?

మాస్టారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డీఎస్సీలో కొత్తగా వచ్చిన జీవశాస్త్రం టీచర్ మీరు. ప్రపంచ ఎయిడ్స్ దినం, డిసెంబర్ 1, వస్తోంది కాబట్టి ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఎయిడ్స్ గురించి చెప్పమని హెచ్‌ఎం గారు మీకు అప్పజెప్పారు. స్టాఫ్‌రూమ్‌లో కొందరు "ఈ వయసు పిల్లలకి ఇవన్నీ ఎందుకండీ, లేనిపోని ఆలోచనలు" అంటున్నారు. ఇంకొందరు "పుస్తకంలో ఉన్న పేరా చదివించేసి ఊరుకోండి" అంటున్నారు. మీకు ఎంత తెలిసుండాలి, ఎంతవరకు చెప్పాలి, కండోమ్ అనే మాట క్లాసులో అనొచ్చా, ఆడపిల్లల్ని వేరుగా కూర్చోబెట్టాలా?

సూటిగా చెప్తాను. పాఠం చెప్పండి, తప్పకుండా చెప్పండి. అందుకు డాక్టరంత తెలియనక్కర్లేదు. కానీ ఒక్క షరతు పెట్టుకోండి: మీ ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఒకరు రోజూ రాత్రి హెచ్‌ఐవి మాత్ర వేసుకునే బిడ్డ కావచ్చు, లేదా వాళ్లమ్మ వేసుకుంటూ ఉండొచ్చు. ప్రతి వాక్యం ఆ బిడ్డ వింటోందని మాట్లాడండి. ఏం చెప్పాలి, ఏ మాట మానెయ్యాలి, గోడ మీద ఏ పోస్టర్ తీసెయ్యాలి అన్నవి ఈ ఒక్క షరతుతోనే చాలావరకు తేలిపోతాయి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2021 అంచనాల ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల వయసు వాళ్లలో హెచ్‌ఐవి 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67, తెలంగాణలో 0.47. అంటే ఆంధ్రలో ఆ వయసు వాళ్లు మూడు వేల మంది ఉన్న ఊళ్లో సగటున ఇరవై మంది. వాళ్లకి పిల్లలుంటారు, ఆ పిల్లలు మన బళ్లకే వస్తారు. నేను కోస్తా జిల్లాల్లో బయలాజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. 2005లో కౌమార విద్య కార్యక్రమం మొదలైన దగ్గర్నుంచి రిసోర్స్ పర్సన్‌గా టీచర్లకి శిక్షణ ఇచ్చాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు తెలివిడి సంగతి. శిక్షణ మొదటి గంటలో నేనేం చెప్పేదాన్ని కాదు. చీటీలు పంచి "అవును, కాదు, తెలీదు" అని రాసివ్వమనేదాన్ని. పేరు రాయక్కర్లేదు. ఎలా వస్తుంది అన్న ప్రశ్నకి దాదాపు అందరూ సరిగ్గానే రాసేవాళ్లు: రక్షణ లేని లైంగిక సంబంధం, పరీక్ష చేయని రక్తం, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం, తల్లి నుంచి బిడ్డకి. ఏళ్లతరబడి ప్రతి పీహెచ్‌సీ గోడ మీద చదివిన నాలుగు మాటలవి. ఎలా రాదు అన్న దగ్గర మాత్రం చేతులు వణికేవి. "దోమ కుడితే వస్తుందా" అన్నదానికి సైన్స్ టీచర్లు కూడా "తెలీదు" అని రాసేవాళ్లు. "హెచ్‌ఐవి ఉన్నవాళ్లు వండిన మధ్యాహ్న భోజనం తింటారా" అంటే "కాదు" అనేవి తక్కువేం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో కూడా హెచ్‌ఐవి మీద సమగ్ర అవగాహన ఉన్నవాళ్లు స్త్రీలలో సుమారు 22 శాతం, పురుషుల్లో 31 శాతమే. దోమలు, కలిసి తినడం లాంటి అపోహల్ని కాదనగలిగితేనే ఆ సమగ్ర అవగాహన లెక్కలోకి తీసుకుంటారు. ఊరంతా అలా ఉన్నప్పుడు టీచర్లు వేరుగా ఉంటారని ఆశించలేం. మనం కూడా ఆ ఊరివాళ్లమే.

దోమ ప్రశ్న మీ క్లాసులో కూడా వస్తుంది, రాసిపెట్టుకోండి. "రాదు" అని వదిలేస్తే సరిపోదు, ఎందుకంటే వెనక బెంచీలోంచి "మరి మలేరియా వస్తోంది కదా సార్" అంటారు. మంచి ప్రశ్న అది. జవాబు ఇలా చెప్పండి: దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వదిలేది దాని లాలాజలం. ఇంతకుముందు ఇంకొకరి దగ్గర పీల్చిన రక్తం కాదు. మలేరియా పరాన్నజీవి దోమ ఒంట్లో పెరిగి, దాని లాలాజల గ్రంథుల దాకా చేరుకుంటుంది, అందుకే వ్యాపిస్తుంది. హెచ్‌ఐవి పెరగాలంటే మనిషిలోని సీడీ4 కణాలు, అంటే జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, కావాలి. దోమకి అవి లేవు, దాని కడుపులో వైరస్ అరిగిపోతుంది. ఇంత చెప్పాక పిల్లవాడికి నమ్మకం కుదురుతుంది. కంచం, గ్లాసు, దగ్గు, చెమట, కౌగిలి, ఒకే బాత్రూమ్ వాడటం, వీటన్నిటి గురించీ భయం పోవడానికి దోమ దగ్గర పడిన ఆ నమ్మకమే దారి చేస్తుంది.

రెండో లోటు వైద్యం గురించి. మా తరం టీచర్ల బుర్రల్లో ఎయిడ్స్ అంటే ఇంకా 1990ల నాటి బొమ్మే: ఎముకల గూడు, మంచం, చావు. అదే బొమ్మ పిల్లలకీ అందుతోంది. కొత్త టీచర్‌గా మీరు ఈ గొలుసు తెంచాలి. మన దేశంలో హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో సీడీ4 లెక్క బాగా పడిపోతేనే మందు మొదలుపెట్టేవాళ్లు. 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే, లెక్క ఎంతున్నా మందు ఇస్తున్నారు. ఇప్పుడు ఎక్కువమంది పెద్దవాళ్లకి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర, రోజుకి ఒకటి. మానకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి నిలకడగా ఉన్నవాళ్ల నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదు. ఈ మాట విన్నప్పుడు శిక్షణకి వచ్చిన టీచర్ల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం చూసే నేను చీటీల పని అయ్యాక ఎప్పుడూ ముందు దీన్నే చెప్పేదాన్ని. తల్లి నుంచి బిడ్డకి సోకడం కూడా అంతే. ఏ వైద్యమూ లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకి సోకే అవకాశం ఉంటుంది. తల్లి మందులు వాడి, పుట్టిన బిడ్డకి సిరప్ వేస్తే అది 5 శాతం లోపుకి వస్తుంది. గర్భిణులందరికీ పరీక్ష చేసేది అందుకే.

హెచ్‌ఐవి, ఎయిడ్స్ ఒకటి కాదన్నది కూడా క్లాసులో తేల్చి చెప్పండి. వైరస్ ఉండటం వేరు. అది రోగనిరోధక శక్తిని దెబ్బతీసి, సీడీ4 లెక్క 200 కంటే కిందికి పడిపోయి, టీబీ లాంటి జబ్బులు చుట్టుముట్టే దశ వేరు. మందు వాడేవాళ్లు చాలామంది ఆ దశకే రారు.

ఇదంతా ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చే చదువే. కష్టమైనది ఇంకోటుంది, వైఖరి. శిక్షణ చివర మళ్లీ చీటీలు పంచితే జవాబులన్నీ సరిగ్గా రాసిన టీచర్లే, టీ తాగేటప్పుడు "ఎంతైనా తప్పుడు పనులు చేసినవాళ్లకే కదండీ వచ్చేది" అనేవాళ్లు. విషయం తెలిసింది, మనసు మారలేదు. అదే మనసుతో క్లాసులోకి వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. టీచర్ "చెడు తిరుగుళ్లు తిరిగితే వస్తుంది" అంటాడు. మూడో బెంచీలో కూర్చున్న పిల్లకి వినిపించేది "మీ అమ్మ చెడ్డది" అని. ఆ అమ్మకి పెళ్లయ్యాక భర్త నుంచి వచ్చి ఉంటుంది, మన పల్లెల్లో చాలామంది ఆడవాళ్ల కథ అదే. ఆ పిల్ల ఆ తర్వాత మీ సబ్జెక్ట్‌లో ఏ ప్రశ్నకీ చెయ్యెత్తదు. ఇంకా ఘోరం, ఇంటికెళ్లి మాత్ర వేసుకోవడానికి మొండికేస్తుంది.

నేను దగ్గర్నుంచి చూసిన ఒకమ్మాయి గురించి చెప్తాను. గుర్తులు మార్చి రాస్తున్నాను. ఎనిమిదో తరగతి, అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. ప్రతి నెలా ఒక రోజు బడికి వచ్చేది కాదు. జిల్లా ఆసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి మందులు తెచ్చుకోవాలి, పొద్దున బస్సెక్కితే తిరిగొచ్చేసరికి సాయంత్రం. క్లాస్ టీచర్‌కి ఇదేం తెలీదు. అటెండెన్స్ రిజిస్టర్ తెరిచి, అందరి ముందూ, "నెలనెలా ఎక్కడికి పోతున్నావే?" అని అడిగేవాడు. దుర్మార్గుడేం కాదు, గణితం బాగా చెప్పే మనిషి. ఆ అమ్మాయి ఒక్కోసారి ఒక్కో సాకు చెప్పేది. సాకులు కలవక అబద్ధాలకోరు అని పేరొచ్చింది. చివరికి అమ్మమ్మ ఒకరోజు నా దగ్గరికి వచ్చి, చీర కొంగులో చుట్టిన ఆసుపత్రి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. చదువురాని మనిషి, ఒక్క మాటా మాట్లాడలేదు. నేను పుస్తకం మూసి తిరిగిచ్చి, "బడి సంగతి నేను చూసుకుంటానమ్మా" అన్నాను. ఆ మాస్టారికి జబ్బు పేరు చెప్పలేదు, చెప్పే హక్కు నాకు లేదు. "నెలకో రోజు ఆసుపత్రి పనుంది, క్లాసులో అడగకండి" అని మాత్రం చెప్పాను. ఆయన ఆ రోజు నుంచి అడగలేదు. అంతకంటే ఏమీ అవసరం లేకపోయింది. ఆ పిల్ల పదో తరగతి పాసైంది.

హాస్టల్ పిల్లల్ని కూడా గమనించండి. మందు ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది, కదిపితే గలగలమంటుంది. చప్పుడు వినబడకుండా అందులో దూది కుక్కి, పెట్టె అడుగున బట్టల కింద దాచుకునే పిల్లలుంటారు. వాళ్లు దాచుకునేది మన భయానికే.

అన్నీ ఇలా సర్దుకోవు. ఒక ఊరి హైస్కూల్లో ఒక పిల్లవాడికి హెచ్‌ఐవి అని బయటికి పొక్కగానే మధ్యాహ్న భోజనానికి వేరే కంచం కేటాయించారు, దాని అంచుకి ఎర్ర పెయింట్ పూశారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఎర్ర అంచు చాలు, పిల్లవాడు పది రోజులు తిరక్కుండా బడి మానేశాడు. 2003లో కేరళ కొల్లం జిల్లాలో తల్లిదండ్రుల్ని కోల్పోయిన ఇద్దరు పిల్లల్ని హెచ్‌ఐవి ఉందని బడికి రానివ్వకపోతే, అప్పటి కేంద్ర ఆరోగ్యమంత్రి సుష్మా స్వరాజ్ వెళ్లి వాళ్లని అందరి ముందూ అక్కున చేర్చుకున్నారు. ఆ సంగతి శిక్షణలో చెబితే అందరూ మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకున్న చేతులే తమ బళ్లో కంచం వేరు చేయకుండా ఉండాలి, నేను కోరేది అంతే.

ఇక్కడ చట్టం తెలిసుండాలి. హెచ్‌ఐవి, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవి ఉందని బళ్లో చేర్చుకోకపోవడం, వేరుగా చూడటం, చేరడానికి పరీక్ష రిపోర్ట్ అడగడం, ఇవన్నీ నేరుగా నిషేధం. నమ్మి మీకు చెప్పిన విషయాన్ని వాళ్ల సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు, హెచ్‌ఎం గారికైనా సరే. చాలామందికి తెలియని సంగతి ఇంకోటి: హెచ్‌ఐవి బాధిత కుటుంబంలో ఇంటి బాధ్యత చూసుకోగల అక్క గానీ అన్న గానీ 12 ఏళ్లు నిండినవాళ్లైతే, తమ్ముణ్ణో చెల్లినో బళ్లో చేర్చడానికి సంరక్షకులుగా సంతకం పెట్టొచ్చని ఈ చట్టం చెబుతోంది. "పెద్దవాళ్లని తీసుకురా" అని తిప్పి పంపకండి.

"ఎవరికి ఉందో మాకు తెలియకపోతే మిగతా పిల్లల్ని ఎలా కాపాడుకుంటాం" అని స్టాఫ్‌రూమ్‌లో తప్పక అడుగుతారు. ఆటల్లో ఎవరికి దెబ్బ తగిలి రక్తం కారినా, చేతికి గ్లవుజు వేసుకుని, లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తుడవండి, కట్టు కట్టండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ఏ బిడ్డకైనా ఇదే పద్ధతి. అందరికీ ఒకేలా చేస్తే ఎవరికి ఏముందో తెలియాల్సిన పనే లేదు. హెపటైటిస్ బి నుంచి కూడా ఇదే కాపాడుతుంది.

ఇక మీ మిగతా ప్రశ్నలు.

"లేనిపోని ఆలోచనలు" అన్నదానికి: లైంగిక విద్య మీద యునెస్కో 2018లో సవరించి వెలువరించిన మార్గదర్శకాలు ఎన్నో దేశాల అధ్యయనాల్ని పరిశీలించి, ఇలాంటి విద్య వల్ల పిల్లల్లో లైంగిక చర్యలు పెరగవని తేల్చాయి. అయినా మీ సహోద్యోగుల్ని చిన్నచూపు చూడకండి, వాళ్ల జంకు ఇవాళ్టిది కాదు. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ లాంటి రాష్ట్రాలు బొమ్మలు అసభ్యంగా ఉన్నాయంటూ కౌమార విద్యనే ఆపేశాయి. ఆ గొడవ తర్వాత ఎందుకొచ్చిన తంటా అనుకున్న టీచర్లు మన దగ్గరా ఉన్నారు. పైగా శిక్షణ మెట్లు మెట్లుగా దిగేది: రాష్ట్రంలో వారం రోజులది, జిల్లాలో మూడు రోజులై, మండలంలో ఒక పూటై, బడికి చేరేసరికి ఒక పుస్తకం మిగిలేది. అలా పుస్తకం మాత్రమే అందిన టీచర్ జంకితే తప్పు ఆ టీచర్‌ది అనను. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికీ ఇద్దరు టీచర్లకి శిక్షణ ఇవ్వాలని ఉంది. దాని పదకొండు అంశాల్లో హెచ్‌ఐవి నివారణ కూడా ఉంది. మీ బళ్లో ఆ ఇద్దరెవరో హెచ్‌ఎం గారిని అడగండి, వాళ్లని కలుపుకోండి. "ఇది నా సొంత పెత్తనం కాదు" అని చెప్పుకోవడానికి కూడా పనికొస్తుంది.

పాఠానికి ముందు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో ఏం చెప్పబోతున్నారో తల్లిదండ్రులకి ఐదు నిమిషాల్లో చెప్పండి. నా అనుభవంలో అడ్డు చెప్పే తల్లులు చాలా తక్కువ. "మేం చెప్పలేకపోతున్నాం, మీరైనా చెప్పండి మేడమ్" అన్నవాళ్లే ఎక్కువ.

కండోమ్ అనే మాట అనొచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోనే ప్రత్యుత్పత్తి పాఠంలో ఉంది. తొమ్మిది, పదిలో మామూలు గొంతుతో, నల్లబల్ల మీద మిగతా మాటలు రాసినట్టే రాసి, అది ఎలా అడ్డుకుంటుందో ఒక వాక్యంలో చెప్పి ముందుకి వెళ్లండి. చూపించడాలు అక్కర్లేదు. మీరు గొంతు తగ్గిస్తేనే క్లాసు నవ్వుతుంది. ఎనిమిదికి అది మీరుగా ఎత్తక్కర్లేదు, అడిగితే దాటవేయొద్దు. ఇరవై ఏళ్ల కిందట "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు ఊరూరా వెలిశాయి, మీరు చిన్నవారు, విని ఉంటారో లేదో. ఆ ప్రశ్న పిల్లల నోళ్లలో కూడా ఆడింది. నోరు విప్పించడంలో అంత పని చేసిన ప్రచారం మన రాష్ట్రంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. కానీ ప్రశ్న పాకినంతగా జవాబు పాకలేదు. ఆ జవాబు క్లాసులోనే చెప్పాలి.

ఆడపిల్లలు, మగపిల్లల సంగతి: హెచ్‌ఐవి అంటే ఏంటి, ఎలా వస్తుంది, ఎలా రాదు, మందు, వివక్ష, ఇదంతా కలిపే చెప్పండి. వేరు చేస్తే ఇదేదో రహస్యం అనుకుంటారు. ప్రశ్నలకి జవాబులిచ్చే పీరియడ్ మాత్రం విడిగా పెట్టండి. ఆడపిల్లల దగ్గర ఒక లేడీ టీచర్ గానీ ఏఎన్‌ఎమ్ గానీ ఉండేలా చూసుకోండి.

ప్రశ్నల కోసం అట్టపెట్టెకి కన్నం పెట్టి మూడు రోజుల ముందే వరండాలో ఉంచండి. ఒక కిటుకు: ప్రతి ఒక్కరూ చీటీ వెయ్యాలి, ప్రశ్న లేనివాళ్లు "ప్రశ్న లేదు" అని రాసి వెయ్యాలి. అప్పుడు ఎవరు అడిగారో బయటపడదు. నాకు వచ్చినవాటిలో "సెలూన్‌లో గడ్డం గీయించుకుంటే వస్తుందా", "జాతరలో పచ్చబొట్టు పొడిపించుకోవచ్చా", "మందు వేసుకునేవాళ్లు పెళ్లి చేసుకోవచ్చా" లాంటివి ఉండేవి. సెలూన్‌లో కొత్త బ్లేడు అడగమని, జాతర పచ్చబొట్టు వద్దని, ఒకే సూదితో పదిమందికి పొడుస్తారు కాబట్టి హెపటైటిస్ ప్రమాదం కూడా ఉందని చెప్పేదాన్ని. మూడోదానికి "చేసుకోవచ్చు, కాబోయేవాళ్లకి చెప్పి, డాక్టర్ సలహాతో ఆరోగ్యమైన పిల్లల్ని కూడా కనొచ్చు" అని. ఆ చీటీ మడత మీద మడత పెట్టి గోరంత చేసి ఉంది. ఎవరు రాశారో వెతకలేదు.

తెలియని ప్రశ్న వస్తే "రేపు కనుక్కుని చెప్తాను" అనండి, మర్నాడు చెప్పండి. 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఉచితం. దాన్ని బల్ల మీద రాసి రెండు రోజులు చెరపకుండా ఉంచండి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాను. పెట్టెలో గానీ, పాఠం తర్వాత మీ దగ్గరికి వచ్చి గానీ, ఒక బిడ్డ తనకి జరిగిన లైంగిక దాడి గురించి చెప్పొచ్చు. అక్కడ గోప్యత నియమం మారిపోతుంది. పిల్లలపై లైంగిక నేరాల మీద ఉన్న పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం మీ విధి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 సాయం తీసుకోండి. ఆలస్యం అస్సలు వద్దు. హెచ్‌ఐవి సోకకుండా ఇచ్చే పెప్ మందు 72 గంటల లోపే, ఎంత తొందరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టాలి. "ముందు ఊరి పెద్దలతో మాట్లాడదాం" అనేవాళ్ల మాట వినకండి.

స్టాఫ్‌రూమ్ గురించి చివరిగా ఒక సూచన. పిల్లలకి చెప్పే ముందు అదే చీటీల పని మీ టీచర్లతో చేయించండి, ఒక లీజర్ పీరియడ్ చాలు, పేర్లు లేకుండా. దోమ ప్రశ్న, మధ్యాహ్న భోజనం ప్రశ్న తప్పక పెట్టండి. జవాబులు అక్కడే చదివి మాట్లాడుకోండి. వద్దన్నవాళ్లలో ఇద్దరైనా మీవైపు వస్తారు, నేను చాలా బళ్లలో చూశాను. దగ్గర్లోని ఐసీటీసీ (హెచ్‌ఐవి పరీక్ష, సలహా కేంద్రం) కౌన్సెలర్‌ని కూడా పిలవొచ్చు, పిల్లలు వాళ్లని బాగా అడుగుతారు. అయితే డిసెంబర్ 1న వాళ్లకి ర్యాలీలతో ఊపిరి సలపదు. ఇప్పుడే ఫోన్ చేసి నవంబర్ చివరి వారంలో ఒక మధ్యాహ్నం అడగండి, కుదరకపోతే మీ పాఠాన్ని డిసెంబర్ రెండో వారానికి జరుపుకోండి. హెచ్‌ఎం గారికి ఆ రోజు ర్యాలీ ఫోటో కావాలంటే ర్యాలీ వేరే తీయండి.